1066 జనవరి 5: ఇంగ్లండు భూమి రికార్డుకు విలియం పెట్టిన కటాఫ్ తేదీ (ఒక కేస్ స్టడీ)

కొత్తగా చేరిన సర్వేయర్లకు, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్లకు క్లాసు చెప్పమని పిలిచినప్పుడు నేను బోర్డు మీద ముందుగా ఒక తేదీ రాస్తాను: 1066 జనవరి 5. మన దేశంతో ఏ సంబంధమూ లేని తేదీ. ఆ రోజు ఇంగ్లండులో ఎడ్వర్డ్ అనే రాజు పిల్లలు లేకుండా కన్నుమూశాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ దేశంలో దాదాపు ప్రతి ఊరి భూమినీ ఆ ఒక్క రోజుతో ముడిపెట్టి రికార్డు రాయించారు. జనం తర్వాత డూమ్స్‌డే అని పిలిచిన సర్వే అదే. రాయించినవాడు ఆ దేశంలో పుట్టినవాడు కూడా కాదు. సముద్రం దాటొచ్చి, యుద్ధం చేసి సింహాసనం ఎక్కిన నార్మండీ (ఉత్తర ఫ్రాన్సులోని ప్రాంతం) డ్యూక్ విలియం.

నేను ముప్పై ఏళ్లకు పైగా భూమి రికార్డుల్లోనే పనిచేశాను. ఈ కేసును పట్టుకుని ఇన్నాళ్లుగా వదలకపోవడానికి కారణం అదే. కోటల గురించి, గుర్రపు దళాల గురించి, హేస్టింగ్స్ యుద్ధం గురించి చరిత్ర పుస్తకాల్లో కావలసినంత ఉంది. గెలిచిన రాజ్యం అతని చేతిలో, అతని తర్వాత కొడుకుల చేతిలో ఎలా నిలిచిందని చూస్తే మాత్రం నా కంటికి కనిపించేది ఒక మ్యుటేషన్ ఫైలు, అంటే హక్కుదారు పేరు మార్చే ఫైలు. ఒక దేశం మొత్తానికి చేసిన మ్యుటేషన్.

కేసు నేపథ్యం

ఎడ్వర్డ్ పోయిన మర్నాడే, జనవరి 6న, దేశంలోని పెద్ద ప్రభువు హెరాల్డ్ కిరీటం పెట్టుకున్నాడు. ఎడ్వర్డ్ తనకే రాజ్యం మాట ఇచ్చాడని విలియం వాదన. సెప్టెంబరు 28న పెవెన్సీ దగ్గర దిగాడు. అక్టోబరు 14న హేస్టింగ్స్ దగ్గర హెరాల్డ్ చనిపోయాడు. ఆ తర్వాత విలియం నేరుగా లండన్ మీద పడలేదు. చుట్టూ తిరిగి, దారిలో ఊళ్లు తగలబెట్టుకుంటూ, వాలింగ్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ నది దాటి, బెర్క్‌హామ్‌స్టెడ్ చేరేసరికి పెద్దలంతా వచ్చి లొంగిపోయారు. డిసెంబరు 25న వెస్ట్‌మినిస్టర్‌లో పట్టాభిషేకం.

ఆ పట్టాభిషేకం చూస్తే అతని పరిస్థితి అర్థమవుతుంది. ఈయన మీకు రాజుగా సమ్మతమేనా అని లోపల జనాన్ని ఇంగ్లిషులో ఒకసారి, ఫ్రెంచిలో ఒకసారి అడిగారు. అందరూ ఒక్కసారిగా కేకలు వేశారు. బయట కాపలా ఉన్న నార్మన్ సైనికులకు ఆ భాష రాదు. లోపల ఏదో తిరుగుబాటు లేచిందనుకుని చుట్టుపక్కల ఇళ్లకు నిప్పు పెట్టారు. జనం బయటికి పరుగెత్తారు. మిగిలిన కొద్దిమంది మతపెద్దల మధ్య, వణికిపోతున్న విలియం తలమీద కిరీటం పెట్టారు.

వెంట వచ్చినవాళ్లు కొన్ని వేలమంది. దేశ జనాభా పదిహేను, ఇరవై లక్షల మధ్య ఉంటుందని అంచనా. భాష రాదు, దారులు తెలియవు, ఏ ఊరు ఎవరిదో తెలియదు. పైగా భూమి ఇస్తాడన్న ఆశతో ప్రాణాలు పణంగా పెట్టి వచ్చిన సేనాధిపతులందరూ వాటా కోసం ఎదురు చూస్తున్నారు. టెన్షన్ ఎక్కడుందంటే ఇక్కడుంది.

మొదటి అడుగు: నేను వారసుణ్ణి

విలియం తనను విజేతగా చెప్పుకోలేదు. ఎడ్వర్డ్‌కు న్యాయమైన వారసుణ్ణి, మధ్యలో హెరాల్డ్ అన్యాయంగా కూర్చున్నాడు, అంతే అన్నాడు. వినడానికి మాట తేడాలా ఉంటుంది కానీ రికార్డులో దీని ఫలితం చాలా పెద్దది. విజేత అయితే పాత హక్కులన్నీ రద్దయిపోయాయని జనం అనుకుంటారు, ఏం పోయినా సరేనని కత్తి పడతారు. వారసుడైతే పాత చట్టం అలాగే ఉంటుంది, పాత హక్కులు అలాగే ఉంటాయి, తప్పు చేసినవాడి హక్కు మాత్రమే పోతుంది.

లండన్ పౌరులకు అతను ఇచ్చిన చిన్న ఉత్తర్వు నేటికీ ఉంది. అరచేతిలో పట్టేంత తోలు ముక్క. కొత్త రాజు భాషలో కాకుండా జనం భాషలో, ఇంగ్లిషులో రాయించాడు. ఎడ్వర్డ్ కాలంలో మీకున్న చట్టాలన్నీ ఉంటాయి, తండ్రి తర్వాత బిడ్డకే వారసత్వం వస్తుంది, మీకెవరైనా అన్యాయం చేస్తే సహించను అని దాని సారాంశం. కొత్త ప్రభుత్వం వస్తే మన ఊళ్లలో మొదట పుట్టే భయం ఏమిటో తహసీల్దారు ఆఫీసులో కూర్చున్న ఎవరికైనా తెలుసు: నా పొలం నాకుంటుందా, నా పిల్లలకు వస్తుందా? విలియం ఆ రెండు ప్రశ్నలకే జవాబిచ్చాడు.

అదే సమయంలో ఇంకోవైపు, లొంగిపోయినవాళ్లు తమ భూములను డబ్బు కట్టి తిరిగి కొనుక్కోవలసి వచ్చింది. ఇది ఆనాటి ఇంగ్లిషు వృత్తాంతంలోనే ఉంది. హేస్టింగ్స్‌లో తనకు ఎదురు నిలిచి చనిపోయినవాళ్ల భూములు తనకు చెందుతాయని ఒక మఠాధిపతికి రాసిన ఉత్తర్వులో కనిపిస్తుంది. అంటే మొదటి ఏడాదిలోనే రెండు సూత్రాలు స్థిరపడ్డాయి. భూమి ఎవరిదైనా రాజు ఒప్పుకుంటేనే వాళ్లది. ఎదురు తిరిగితే పోతుంది.

కోటలు, కాల్చివేతలు

కత్తి పని లేకుండా ఇదంతా జరిగిందని నేను చెప్పను. 1068లో ఎక్సెటర్ పట్టణం తలుపులు మూసుకుంటే పద్దెనిమిది రోజులు ముట్టడించాడు. ఆ ఏడే వార్విక్, నాటింగ్‌హామ్, యార్క్, లింకన్, హంటింగ్డన్, కేంబ్రిడ్జిలలో కోటలు లేపాడు. రాతికోటలు అనుకోకండి. మట్టి దిబ్బ పోసి, దాని మీద చెక్క బురుజు కట్టి, కింద కంచె వేసిన ఆవరణ. ఊరివాళ్ల చేతే మట్టి మోయించి కొద్ది వారాల్లో కట్టేసేవారు. వాటికి స్థలం ఎక్కడిదంటే, ఊరి మధ్యలో ఇళ్లు పడగొట్టిందే. లింకన్‌లో కోట కోసం 166 ఇళ్లు పోయాయి, నార్విచ్‌లో 98, కేంబ్రిడ్జిలో 27. ఈ లెక్కలు అతని శత్రువులు రాసినవి కావు, అతని సొంత సర్వేలోనే ఉన్నాయి. భూసేకరణ ఫైళ్లు చూసిన చేతులతో ఆ అంకెలు చదివితే, ఆ 166 కుటుంబాలు ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాయన్న ఆలోచన వదలదు.

ఊళ్లో నార్మన్ ఎవరైనా హత్యకు గురై హంతకుడు దొరకకపోతే ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసి జరిమానా కట్టాలన్నాడు. చేతిలో ఉన్న కొద్దిమందిని కాపాడుకోవడానికి ఇది బాగా పనిచేసింది. చర్చిలోనూ ఇదే పట్టు. 1070లో పాత ఆర్చిబిషప్ స్టిగాండ్‌ను తప్పించి ఇటలీలో పుట్టిన లాన్‌ఫ్రాంక్‌ను తెచ్చాడు. విలియం చనిపోయేనాటికి ఇంగ్లండులో పుట్టిన బిషప్ ఒక్కడే మిగిలాడు, వూస్టర్ బిషప్ వుల్ఫ్‌స్టన్.

ఉత్తరాన జరిగింది వేరు. 1069లో డరమ్‌లో అతను పంపిన అధికారిని, సైనికులను చంపేశారు. అదే ఏడు డెన్మార్క్ నౌకలు వచ్చి, స్థానికులతో కలిసి యార్క్‌ను పట్టుకున్నాయి. విలియం ఆ చలికాలం అంతా ఊరూరా పంటలు, పశువులు, నాగళ్లు, తిండిగింజలు కుప్పపోసి తగలబెట్టించాడు. లక్షకు పైగా జనం ఆకలితో చనిపోయారని ఆర్డెరిక్ విటాలిస్ అనే సన్యాసి తర్వాత రాశాడు. ఆ అంకెను చరిత్రకారులు అక్షరాలా తీసుకోరు. కానీ విలియంను చాలా విషయాల్లో మెచ్చుకున్న ఆ మనిషే, ఈ ఒక్క పని మాత్రం మెచ్చుకోలేనని స్పష్టంగా రాశాడు. పదహారు ఏళ్ల తర్వాత జరిగిన సర్వేలో యార్క్‌షైర్ పుటలు తిరగేస్తే ఊరి పేరు, పాత హక్కుదారు పేరు, తర్వాత ఒకే మాట: వాస్తా ఎస్ట్. బీడు. కింద మళ్లీ ఊరి పేరు, బీడు. మళ్లీ బీడు. మనం అడంగల్లో బీడు అని రాస్తే ఆ ఏడు వాన పడలేదని, కాలువ నీళ్లు రాలేదని అర్థం. అక్కడ ఆ మాటకు దున్నే మనిషి లేడని అర్థం.

హక్కుదారు కాలమ్

ఇప్పుడు నా దృష్టిలో ఈ కేసుకు ప్రాణం లాంటి విషయానికి వస్తాను. సేనాధిపతులకు భూమి పంచాలి. పటాలు లేవు, సర్వే నంబర్లు లేవు, హద్దులు తెలియవు. పంచేవాడికి, పుచ్చుకునేవాడికి కూడా ఆ ఊళ్ల పేర్లు నోరు తిరగవు. ఏం చేయాలి?

విలియం పట్టుకున్న ఉపాయం ఇది. ఫలానా ఊరు, ఫలానా హద్దు అనకుండా ఫలానా మనిషి భూములన్నీ నీవి అన్నాడు. అస్గార్ అనే ఇంగ్లిషు ప్రభువుకు ఎడ్వర్డ్ కాలంలో ఎక్కడెక్కడ ఎంత ఉందో అదంతా జెఫ్రీ డి మాండెవిల్‌కు. మన లెక్కలో చెప్పాలంటే సర్వే నంబర్ల వారీగా బదిలీ చేయకుండా ఖాతా మొత్తం ఒక పేరు మీది నుంచి ఇంకో పేరు మీదికి మార్చాడు. అస్గార్‌కు ఏయే ఊళ్లలో ఏముందో అక్కడి జనానికి తెలుసు, వాళ్లే చెబుతారు. అస్గార్‌కు ఏ హక్కు ఉందో జెఫ్రీకి అదే, అంతకు మించి లేదు. అస్గార్ కట్టవలసిన పన్ను జెఫ్రీ కట్టాలి. ఆ పాత హక్కుదారును వాళ్లు లాటిన్‌లో ఆంటెసెసర్ అన్నారు. మనం పూర్వపు పట్టాదారు అంటాం.

దీనికి ఒక తేదీ కావాలి. ఏ రోజున ఎవరి దగ్గర ఉన్నదాన్ని పాత హక్కుగా లెక్కించాలి? ఎడ్వర్డ్ రాజు బ్రతికి ఉన్న, చనిపోయిన రోజున. ఆ సర్వేలో ఈ మాటలు వేలసార్లు వస్తాయి. తెలంగాణలో భూమి తగాదా వస్తే 1954-55 నాటి పాత భూమి రికార్డు ఖాస్రా పహాణీలో ఎవరి పేరుందని అడుగుతాం, ఆంధ్ర ప్రాంతంలో పాత సెటిల్‌మెంట్ రిజిస్టరైన ఆర్‌ఎస్‌ఆర్ తీస్తాం. విలియం మనుషులు 1066 జనవరి 5 అడిగేవారు. హెరాల్డ్ తొమ్మిది నెలలు రాజుగా ఉన్నాడు, ఆ కాలంలో అతను చేసిన దానాలు, బదిలీలు ఈ తేదీతో లేనట్టే అయిపోయాయి. ఆ పుస్తకంలో హెరాల్డ్‌ను దాదాపు అంతటా ఎర్ల్ (రాజు కింది పెద్ద ప్రభువు) అనే రాస్తారు, రాజు అనరు. నేను చూసిన రికార్డు దిద్దుబాట్లలో ఇంత పెద్దది ఇంకోటి లేదు. ఒక రాజు పాలననే రికార్డు నుంచి తీసేశారు.

పెళ్లితో కూడా హక్కు బలపరచుకున్నారు. వాలింగ్‌ఫర్డ్ ప్రభువు విగాడ్ కూతురిని రాబర్ట్ డోయిలీ అనే నార్మన్ పెళ్లి చేసుకున్నాడు. అల్లుడి పేరు మీద మారితే ఊళ్లో నోళ్లు కొంత మూతపడతాయి కదా.

అందరి భూమీ రాజు ఇచ్చిందే, రాజు దగ్గర నుంచి అనుభవించేదే అన్న సూత్రం ఇక్కడ తిరుగులేకుండా పడింది. బదులుగా ఇన్నిమంది గుర్రపు సైనికులను పంపాలని లెక్క. ఎదురు తిరిగితే ఖాతా రద్దు, సొంతవాడైనా సరే. 1075లో ముగ్గురు ఎర్ల్‌లు కుట్ర పన్నారు. వారిలో హెర్‌ఫర్డ్ ఎర్ల్ రోజర్, విలియంకు ప్రాణస్నేహితుడైన ఫిట్జ్ ఆస్‌బర్న్ కొడుకు. భూములు పోయాయి, యావజ్జీవ జైలు శిక్ష పడింది. ఇంగ్లిషువాడైన వాల్తియోఫ్‌కు మాత్రం 1076లో తల తీయించాడు. తప్పు ఒకటే, శిక్ష వేరు. 1082లో తల్లి ఒకరే, తండ్రి వేరైన తమ్ముడు ఓడోనే బంధించాడు.

బండిలో వచ్చిన ముసలాయన

ఈ ఓడో అంతకు ముందు కెంట్ జిల్లాలో చర్చి భూములు చాలా ఆక్రమించాడు. లాన్‌ఫ్రాంక్ ఫిర్యాదు చేశాడు. ఇద్దరూ రాజుకు కావలసినవాళ్లే. సుమారు 1072లో పెనెండెన్ హీత్ అనే మైదానంలో జిల్లా సభ మూడు రోజులు జరిగింది. పాత చట్టం ఏమిటో చెప్పగలవాడు ఎవరు? ఎథెల్రిక్ అని ఒకప్పుడు సెల్సీ బిషప్‌గా పనిచేసిన ఇంగ్లిషువాడు, నార్మన్ల రాజ్యంలోనే పదవి పోయినవాడు. నడవలేనంత ముసలివాడు. రాజాజ్ఞతో అతణ్ణి బండిలో తీసుకొచ్చి, పాత ఆచారాలు చెప్పమని కూర్చోబెట్టారు. తీర్పు ఎక్కువ భాగం లాన్‌ఫ్రాంక్‌కు అనుకూలంగా వచ్చింది.

ఈ సంఘటన చదివినప్పుడల్లా నాకు ఒక ఊరు గుర్తొస్తుంది. గట్టు తగాదా విచారణకు వెళితే రాళ్లు ఒక్కటీ కనిపించలేదు. మంచం పట్టిన ఒక పెద్దాయన్ని నలుగురు కుర్రాళ్లు మంచంతో సహా పొలం దాకా మోసుకొచ్చారు. ఆయన చెయ్యెత్తి, "ఆ కంపచెట్టు మొదట్లో తవ్వండి బాబూ, మా నాయన పాతించాడు" అన్నాడు. మూరెడు లోతులో రాయి తగిలింది. ఎంత పెద్ద ప్రభుత్వమైనా ఆ క్షణంలో ఆ ముసలాయన మాట కోసం చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. విలియం ఆ సంగతి గుర్తించాడు, నేను అతన్ని గౌరవించేది ఇక్కడే. తాను పదవి నుంచి దించినవాళ్ల జ్ఞాపకాన్ని కూడా పాలనకు అవసరమైన వస్తువుగా చూశాడు. షైర్, హండ్రెడ్ అనే పాత విభాగాలను (మన జిల్లా, ఫిర్కా అనుకోండి), ఆ సభలను, గెల్డ్ అనే భూమి పన్నును, షైర్‌లో రాజు తరఫున పనులు చూసే షెరీఫ్ పదవిని మార్చలేదు. పదవిలో కూర్చునే మనిషిని మాత్రం మార్చాడు.

మనిషి మారితే ఏమవుతుందో కేంబ్రిడ్జి చెబుతుంది. ఎడ్వర్డ్ కాలంలో పట్టణస్థులు ఏడాదికి మూడుసార్లు షెరీఫ్‌కు తమ నాగళ్లు ఇచ్చేవారు. పీకాట్ అనే కొత్త షెరీఫ్ తొమ్మిదిసార్లు అడిగాడు. కంచే చేను మేసిందన్నమాట. ఆ ఫిర్యాదు కూడా రాజు పుస్తకంలోనే నమోదైంది.

1086 సర్వే

1085లో డెన్మార్క్ రాజు దండెత్తుతాడని వార్త వచ్చింది. విలియం ఫ్రాన్సు నుంచి కిరాయి సైన్యాన్ని భారీగా తెచ్చి, భూమిని బట్టి ప్రభువుల మీద పంపకం చేశాడు. ఎవరి దగ్గర ఎంత ఉందో సరిగ్గా తెలియకుండా ఆ పంపకం న్యాయంగా జరగదు. ఆ క్రిస్మస్‌కు గ్లాస్టర్‌లో సభ పెట్టి సుదీర్ఘంగా చర్చించి దేశమంతటా సర్వేకు ఆజ్ఞ ఇచ్చాడు.

ప్రశ్నలు చూడండి. ఊరి పేరేమిటి? ఎడ్వర్డ్ కాలంలో ఎవరిది, ఇప్పుడు ఎవరిది? ఎన్ని హైడ్లు? (హైడ్ అంటే విస్తీర్ణం కంటే పన్ను లెక్కకు వాడే కొలత.) ఎన్ని నాగళ్లు? రైతులు ఎందరు, బానిసలు ఎందరు, స్వతంత్రులు ఎందరు? అడవి, పచ్చిక, మిల్లులు, చేపల చెరువులు? ఏం కలిపారు, ఏం తీసేశారు? అప్పట్లో విలువ ఎంత, ఇప్పుడెంత? ఇదంతా మూడు కాలాలకు చెప్పాలి: ఎడ్వర్డ్ నాటికి, విలియం భూమిని ఇచ్చిన నాటికి, ఇప్పటికి. చివర్న, ఇంతకంటే ఎక్కువ రాబట్టవచ్చా? ఆ చివరి ప్రశ్న భూమి పన్ను నిర్ణయించే సెటిల్‌మెంట్ ఆఫీసరు అడిగే ప్రశ్నే.

జవాబు ఎవరు చెప్పారన్నది ఇంకా ముఖ్యం. షెరీఫ్, ప్రభువులు, పూజారి, మునసబు లాంటి రీవ్, ఊరికి ఆరుగురు రైతులు ప్రమాణం చేసి చెప్పాలి. కేంబ్రిడ్జి షైర్‌లో ఒక్కో హండ్రెడ్‌కు ఎనిమిదిమంది జ్యూరర్ల పేర్లు మిగిలాయి. నలుగురు ఫ్రెంచివాళ్లు, నలుగురు ఇంగ్లిషువాళ్లు. ఓడినవాడు కూర్చుని, ప్రమాణం చేసి, నా భూమి ఇప్పుడు వాడిది అని తన నోటితో చెప్పాక, ఆ హక్కును కదిలించడం ఎంత కష్టమో ఆలోచించండి. తమకు భూములు లేని ప్రాంతాలకు అధికారులను పంపారు. వాళ్లు వెళ్లాక సరిచూడడానికి రెండో విడత కొత్తవాళ్లను పంపారని అప్పటి హెర్‌ఫర్డ్ బిషప్ రాశాడు. సొంత మండలంలో పోస్టింగ్ ఎందుకు ఇవ్వరని అడిగే కుర్రాళ్లకు నేను ఇదే చెబుతాను.

సుమారు 13,000 ఊళ్లు, 2,69,000 మంది కుటుంబ పెద్దలు, దాదాపు 6,000 నీటి మిల్లులు. లండన్, వించెస్టర్ రాయనే లేదు. డరమ్, నార్తంబర్లాండ్ కూడా లేవు. పెద్ద సంపుటం దాదాపు మొత్తం ఒకే రాయసగాడి చేతిరాత. ఆవు గానీ, ఎద్దు గానీ, పంది గానీ లెక్క తప్పించుకోలేదు, చెప్పడానికే సిగ్గేస్తుందని ఇంగ్లిషు వృత్తాంతకారుడు వాపోయాడు. జనం దీన్ని తర్వాత డూమ్స్‌డే అన్నారు, అంటే తుది తీర్పు రోజు. అప్పీలు లేని రికార్డు కదా.

లెక్క తేలాక కనిపించింది ఇది. విలువను బట్టి చూస్తే రాజుకు సుమారు అయిదో వంతు, చర్చికి పావు వంతు, మిగిలినదానిలో ఎక్కువ భాగం కొత్త ప్రభువులకు. పెద్ద భూస్వాములలో ఇంగ్లిషువాళ్లు ఇద్దరే మిగిలారు, ఆర్డెన్‌కు చెందిన థర్కిల్, లింకన్‌కు చెందిన కోల్స్‌వెయిన్. 1086 ఆగస్టు 1న సాల్స్‌బరీలో, ఎవరి కింద ఉన్నవాడైనా సరే, చెప్పుకోదగ్గ భూమి ఉన్న ప్రతివాడూ వచ్చి నేరుగా రాజుకే విధేయత ప్రమాణం చేశాడు. రికార్డు, ప్రమాణం ఒకే వేసవిలో పూర్తయ్యాయి. మరుసటి ఏడు సెప్టెంబరు 9న విలియం చనిపోయాడు. కొడుకుల మధ్య కొట్లాటలు జరిగాయి కానీ, ఎవరి భూమి ఎవరిదన్న లెక్క మళ్లీ మొదటికి రాలేదు.

తేలని తగాదాలు

ఖాతా మొత్తం బదిలీ చేయడంలో ఒక లోపం ఉంది. అస్గార్ లాంటి ప్రభువుకు విధేయుడిగా ఉంటూనే భూమి మాత్రం సొంతంగా ఉన్న చిన్నవాళ్లు వేలమంది. వాళ్లు ప్రభువును మార్చుకోగలరు, భూమితో సహా ఎటైనా పోగలరు. కొత్తవాడు వచ్చి, అస్గార్ మనుషులంటే అస్గార్ భూములేగా అని వాళ్లనూ కలిపేసుకున్నాడు. హాంప్‌షైర్‌లోని చార్‌ఫర్డ్ కేసు సరిగ్గా ఇదే. విలియం డి చెర్నెట్ అనేవాడు ఒక భూమి తన మేనర్‌లోదే (ప్రభువు ఎస్టేటును మేనర్ అంటారు) అంటూ జిల్లాలోని పెద్ద మనుషులను, వయసు మళ్లినవాళ్లను సాక్ష్యం తెచ్చాడు. అవతలి పక్షంవాడు రైతులను, సామాన్యులను, రీవ్‌లను తెచ్చాడు. వాళ్లు ప్రమాణానికైనా, దివ్యపరీక్షకైనా సిద్ధం, ఆ భూమి ఉన్నవాడు స్వతంత్రుడు, ఎటైనా పోగలడు అన్నారు. చెర్నెట్ సాక్షులేమో, రాజు తేల్చేదాకా ఎడ్వర్డ్ చట్టం తప్ప ఇంకో చట్టం ఒప్పుకోమన్నారు. సర్వే అధికారి ఇద్దరి మాటా రాసి వదిలేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత కూడా అతని చేతిలో తేల్చే అధికారం లేదు. విచారణ నోటుగా దీన్ని మించింది నేను చూడలేదు. రెండు పక్షాలూ ఉన్నాయి, సాక్షుల స్థాయి ఉంది, అభ్యంతరం ఉంది, తన అభిప్రాయం లేదు.

క్లాసు ముగిసేముందు ఇంకో వరుస చదివిస్తాను. బకింగ్‌హామ్‌షైర్‌లో మార్ష్ గిబ్బన్ అనే ఊరు, 4 హైడ్లు. ఎడ్వర్డ్ కాలంలో ఐల్రిక్ అనే ఇంగ్లిషువాడిది. ఇప్పుడు విలియం ఫిట్జ్ అన్స్‌కల్ఫ్ అనే కొత్త ప్రభువు పేరు మీద ఉంది. ఐల్రిక్ ఊరు విడిచి పోలేదు, తన భూమినే కౌలుకు చేస్తున్నాడు. అంతవరకు అన్ని వరుసల్లాగే ఉంది. దాని పక్కన రాయసగాడు రెండు మాటలు కలిపాడు: గ్రావిటర్ ఎట్ మిసెరబిలిటర్. భారంగా, దీనంగా. ప్రశ్నల్లో ఆ ప్రశ్న లేదు. ఎవరో ఆ సభలో ఆ మాట అన్నారు, ఎవరో దాన్ని రాశారు, పై అధికారులు ఎవరూ కొట్టేయలేదు. లండన్ పక్కన క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆ పుస్తకం ఇంకా ఉంది, ఆ రెండు మాటలతో సహా.